బంగారు అరటిపండు

రండి, రండి. దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే పుస్తకాల సంచీలు కింద వేసుకోండి, ఇవాళ సరస్వతీదేవి ఏమీ అనుకోదు. వెనక గుసగుసలు ఆపితే కథ మొదలుపెడతాను. ఆపకపోయినా మొదలుపెడతాను, నష్టం మీకే.

ఒక రాజ్యంలో ఒక చిన్నరాణి ఉండేది. ఆమెకు పన్నెండేళ్ళు. బుద్ధెరిగినప్పటి నుంచి ఎవరి చేతిలోనూ ఏ ఆటలోనూ ఓడిపోలేదు.

చదరంగం ఆడితే సేనాపతి తన మంత్రిని తనే తీసుకొచ్చి ఆమె ఏనుగు ముందు నిలబెట్టేవాడు. పరుగు పందెం పెడితే చెలికత్తెలందరికీ ఒక్కసారే కాలు బెణికేది. దాగుడుమూతలు ఆడితే ద్వారపాలకుడు స్తంభం వెనక నక్కి, "నేనిక్కడ లేను మహారాణీ!" అని గొంతెత్తి అరిచేవాడు. ఆమె గెలిచిన ప్రతిసారీ కొలువంతా చప్పట్లు కొట్టేది.

చిన్నప్పుడు ఆ చప్పట్లు బాగానే ఉండేవి. పదేళ్ళు వచ్చేసరికి ఆమెకొక అనుమానం పట్టుకుంది. 'నేను నిజంగా గెలుస్తున్నానా?' ఎవర్ని అడిగినా, "తమరు కాక ఇంకెవరు గెలుస్తారు మహారాణీ!" అనేవారు. ఆ జవాబుతో అనుమానం ఇంకో జానెడు పెరిగేది.

అలా ఉండగా ఓడమీద వచ్చిన ఒక వర్తకుడు ఆమెకొక ఆటపెట్టె కానుకగా ఇచ్చాడు. నల్లటి పెట్టె, దానికో అద్దం, నొక్కడానికి మీటలున్న రెండు పిడులు. తీగ తగిలించగానే అద్దం వెలిగి, "ఆడేది ఒకరా, ఇద్దరా?" అని అడిగేది. లోపల ఒక బుల్లి వీరుడు. వాడు ఏడు కోటలు దాటాలి.

చిన్నరాణి మొదటి కోట దగ్గరే బోర్లా పడింది. అద్దం మీద అక్షరాలు మెరిశాయి.

"నువ్వు ఓడిపోయావు. మళ్ళీ ఆడతావా?"

కొలువంతా ఊపిరి బిగబట్టింది. మహారాణిని 'నువ్వు' అనడమా! ఓడిపోయావనడమా! సేనాపతి చెయ్యి కత్తి మీదకు పోయింది. చిన్నరాణి మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. "మళ్ళీ ఆడతా," అంది.

రెండో పిడి ఒకసారి మంత్రిగారికి ఇచ్చి చూసింది. ఆయన వీరుడు తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి గోతిలో దూకాడు. "అయ్యో, జారిపోయానే!" అన్నాడు మంత్రి. ఆమె ఆ పిడిని తీసుకుని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించింది. అప్పటి నుంచి అద్దం ఎప్పుడడిగినా "ఒకరు" అనే మీటే నొక్కేది.

రెండేళ్ళు ఆడింది. ఓడుతూ, ఓడుతూ, ఒక్కో కోటే దాటింది. ఒక మధ్యాహ్నం ఏడో కోట తలుపు ముందుకు చేరింది. ఈ తలుపు తెరుచుకుంటే చాలు, జీవితంలో ఒక్కసారైనా తను నిజంగా గెలిచినట్టు. నువ్వుండ ఒకటి నోట్లో వేసుకుని, వేలు లంగాకు తుడుచుకుని, మీట నొక్కింది.

పెట్టె 'టుప్' మంది. అద్దం నల్లబడింది. మళ్ళీ వెలగలేదు.

రాజ్యం అట్టుడికిపోయింది. వైద్యుడొచ్చి తీగ పట్టుకుని నాడి చూసి, "వాతం చేసింది," అన్నాడు. పురోహితుడు నిమ్మకాయ దిగదుడిచాడు. సేనాపతి పెట్టెకు పక్కనించి రెండు దెబ్బలు వేశాడు. అద్దం ఒక్క క్షణం మినుకుమంది. దాంతో ఆయన ఇంకో పాతిక వేశాడు. మంత్రి తాళపత్రం విప్పి, పెట్టె తక్షణం పనిచేయవలెనని రాజాజ్ఞ చదివి వినిపించాడు. పెట్టె వినలేదు. చివరికి అందరూ వంతులవారీగా దాని కంతల్లోకి 'ఉఫ్... ఉఫ్...' అని ఊదారు. ఎందుకు ఊదుతున్నారో ఎవరికీ తెలియదు. ముందువాడు ఊదాడని తరవాతివాడు ఊదాడు.

చిన్నరాణి మూల కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంది. ఓడిపోయినందుకు కాదు. గెలిచేదో ఓడేదో తెలియకుండా పోయినందుకు.

అప్పుడు ఎవరో బాగుచేసే అవ్వను పిలుచుకొచ్చారు. గొడుగు కమ్మీల దగ్గర్నుంచి గడియారాల దాకా చెడినవన్నీ బాగుచేస్తుంది కాబట్టి ఆమెకు ఆ పేరు. అవ్వ ఎవరికీ దణ్ణం పెట్టలేదు, కళ్ళద్దాలు పెట్టుకుంది. నాలుగు మరలు విప్పి మూత ఎత్తింది. ముందు నవ్వింది. తరవాత చిన్నరాణి వైపు తిరిగింది.

"వేళ్ళు చూపించు తల్లీ."

చిన్నరాణి చూపించింది. వేళ్ళ నిండా బెల్లప్పాకం.

"మరింకేం. లోపల చీమలు కాపురం పెట్టాయి. పిల్లాజెల్లాతో, గుడ్లతో సహా."

"పొరుగు రాజు కుట్ర!" అన్నాడు సేనాపతి. "ఆ చీమల్ని ఇప్పుడే..."

"కూర్చో నాయనా," అంది అవ్వ. "చంపితే చచ్చినవన్నీ మరింత లోపలికి ఇరుక్కుంటాయి. చుట్టూ పసుపు చల్లి, ఒక్క పక్క దారి వదిలి, నీడన పెడతాను. చీమ పసుపు దాటదు. ఉన్న దారినే గుడ్లు మోసుకుని పోతాయి. ఎనిమిది రోజులు." మళ్ళీ రాణిని చూసింది. "తప్పు వాటిది కాదు తల్లీ. అవి నువ్వుల కోసం వచ్చాయి."

"నేనూ 'నువ్వు' కోసమే వచ్చేదాన్ని," అంది చిన్నరాణి.

అవ్వకు అర్థమైందో లేదో గానీ, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఎనిమిది రోజులు నేనేం చెయ్యను అవ్వా?"

"అది నాకేం తెలుసు? నాకు పెట్టెల సంగతే తెలుసు," అని పెట్టెను చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు చిన్నరాణి, తలంటి రోజున కట్టుకునే పాత పావడా కట్టుకుని, వంటింటి దొడ్డి తలుపు తీసుకుని బయటికి నడిచింది. కుమ్మరి ఆవం వెనక ఖాళీ స్థలంలో పిల్లలు ఏడుపెంకులాట ఆడుతున్నారు. కుమ్మరి ఆవం దగ్గర పెంకులకు కరువా! ఏడు పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక జట్టు గుడ్డబంతితో వాటిని పడగొట్టాలి. పడగొట్టినవాళ్ళే మళ్ళీ పేర్చాలి. ఈలోగా అవతలి జట్టు బంతితో కొడుతుంది. తగిలితే ఔట్.

"ఏయ్, పాత పావడా! ఆడతావా?" అని కేకేసింది ఒక రెండు జడల పిల్ల.

"ఆడతా. కానీ నాకు రాదు."

"అయితే నువ్వు ఆటలో అరటిపండు. రా!"

సాయంత్రం దాకా ఆడింది. బంతి ఆమె వీపు మీద ధన్ మని మూడుసార్లు తగిలింది. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఒకడైతే, "అడ్డం తప్పుకోవే!" అన్నాడు. ఇంతకన్నా మర్యాద ఆమెకు జన్మలో ఎవరూ చెయ్యలేదు.

కోటకొచ్చి కొలువులో చాటింది. "నాకు బయట బిరుదిచ్చారు. నేను ఆటలో అరటిపండుని!"

ఆ మాటకు అర్థం మంత్రికి తెలుసు. సేనాపతికి తెలుసు. వీధిలో ఆడిపెరిగిన ప్రతివాడికీ తెలుసు. కానీ మహారాణి మొహం వెలిగిపోతుంటే ఎవడు చెబుతాడు? ముందుగా మంత్రి చప్పట్లు కొట్టాడు. తరవాత అందరూ కొట్టారు. ఆస్థాన పండితుడు లేచి, అరటి అంటే అరిషడ్వర్గాలను అటకాయించునది అని అప్పటికప్పుడు వ్యుత్పత్తి అల్లాడు. తెల్లారేసరికి కంసాలి బంగారంతో అరటిపండు పోసి తెచ్చాడు. నిజం పండుకంటే పెద్దది, తొక్క మీద మచ్చలతో సహా.

చిన్నరాణి దాన్ని పమిటచాటున పెట్టుకుని... పమిటెక్కడిదిలే, పావడా మడతలో పెట్టుకుని ఆవం దగ్గరికి పరిగెత్తింది. "ఇదిగో, నా బిరుదు!"

పిల్లలు చూశారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ తరవాత నేలమీద పడి దొర్లారు.

"ఓసి నీ... అరటిపండంటే బిరుదనుకున్నావుటే!" అంది రెండు జడల పిల్ల, ఎక్కిళ్ళు ఆపుకుంటూ. "ఆట రానివాళ్ళనీ, చంటిపిల్లల్నీ ఏడవకుండా ఊరికే కలుపుకుంటాం చూడు, అదీ అరటిపండు. బంతి తగిలినా ఔట్ కారు. పెంకులు పేర్చినా గెలిచినట్టు కాదు. ఆటలో ఉంటారు, లెక్కలో ఉండరు."

చిన్నరాణి నిలబడిపోయింది. సేనాపతి తెచ్చి నిలబెట్టిన చదరంగం మంత్రి గుర్తొచ్చాడు. ఒక్కసారే బెణికిన ఇరవై కాళ్ళు గుర్తొచ్చాయి. నేనిక్కడ లేనన్న స్తంభం గుర్తొచ్చింది.

"అయితే నేను పుట్టినప్పటి నుంచీ అరటిపండునే," అంది మెల్లగా.

"ఏంటీ?"

"ఏం లేదు. నన్ను లెక్కలోకి తీసుకోండి."

"తీసుకుంటే తగిలిన ప్రతిసారీ ఔటే. ఏడిస్తే ఒప్పుకోం. మీ అమ్మతో చెప్పినా ఒప్పుకోం."

"ఏడవను."

ఆట మొదలైంది. చిన్నరాణి ఒక పెంకు కూడా ముట్టుకోకముందే బంతి వచ్చి మోచేతికి తగిలింది. "ఔట్! ఔట్! పో అవతలికి!" అని పదిమంది అరిచారు. ఔటైనవాళ్ళు తల వేలాడేసుకుని పోతారు కదా! ఈ పిల్ల గంతులేసుకుంటూ పోయింది. "నేను ఔట్! నిజంగా ఔట్!" అని ఆవం చుట్టూ తిరిగి చెప్పొచ్చింది. దీనికి వడదెబ్బ తగిలిందనుకున్నారు పిల్లలు.

ఆ సాయంత్రం బంగారు అరటిపండును తీసుకెళ్ళి సింహాసనం మీద పెట్టింది. "నేను బయట ఉన్నంతసేపూ ఇదిక్కడ ఉంటుంది," అని చెప్పింది. కొలువు చిత్తమంది. రోజూ పొద్దున్నే వచ్చి దానికి వంగి దణ్ణాలు పెట్టేవారు. దానితో చదరంగం ఆడి ఓడిపోయేవారు. ఏ పనీ ఆగలేదు, ఎవరికీ ఏ తేడా తెలియలేదు.

చిన్నరాణి మాత్రం రోజూ ఓడింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. బంతి ఎటు వచ్చేదీ విసిరేవాళ్ళ భుజంలో ముందు తెలుస్తుందనీ, తరవాతే చేతిలో తెలుస్తుందనీ నేర్చుకుంది. పెద్ద పెంకు అడుగున పెట్టడం నేర్చుకుంది. ఎనిమిదో రోజున ఆమె జట్టులో అందరూ ఔటై ఆమె ఒక్కతే మిగిలింది. ఆరు పెంకులు లేచాయి. ఏడోది చేతిలో ఉంది. రెండు జడల పిల్ల బంతి ఎత్తింది. ఆ పిల్ల కళ్ళలో జాలనేది ఆవగింజంత కూడా లేదు. బంతి వదిలింది. చిన్నరాణి నేలమీదకు జారి, బంతి జుట్టును రాసుకుంటూ పోతుండగా, ఏడో పెంకు పెట్టేసింది.

పెంకులు ఊగాయి. ఊగి నిలబడ్డాయి.

"తగిలింది! తగిలింది!" అని అరిచింది రెండు జడల పిల్ల.

"జుట్టుకు తగిలితే చెల్లదు!"

"చెల్లుతుంది!"

"చెల్లదని నిన్న నువ్వే అన్నావు!"

పావుగంట పోట్లాడుకున్నారు. చివరికి రెండు జడల పిల్ల బంతిని నేలకేసి కొట్టి, "సరే పోవే, గెలిచావు," అంది, కోపంగా, మనసొప్పక, నిజంగా. అన్నాళ్ళ చప్పట్లన్నీ కలిపినా ఆ మాట ముందు దిగదుడుపే అనిపించింది చిన్నరాణికి. "రేపు చెబుతా నీ పని," అని కూడా అంది ఆ పిల్ల. అది ఇంకా బాగుంది.

మోకాళ్ళ దాకా దుమ్ముతో కోటకు తిరిగొచ్చేసరికి సభామంటపంలోంచి పెడబొబ్బలు వినిపించాయి. ఎవరైనా దండెత్తారేమోనని పరిగెత్తుకెళ్ళి చూసింది.

ఆటపెట్టె వెలుగుతోంది. పక్కన పసుపు మరకల చేతులతో అవ్వ. అటక మీది రెండో పిడి గుడ్డ విప్పి ఉంది. ఆ పిడి మంత్రిగారి చేతిలో, మొదటిది ద్వారపాలకుడి చేతిలో. మంత్రి తలపాగా ఒకచోట, ఉత్తరీయం ఇంకోచోట. వెనక సేనాపతీ, వైద్యుడూ, పురోహితుడూ ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగిచూస్తున్నారు.

"తూచ్! తూచ్! నేను చూసుకోలేదు!" అంటున్నాడు మంత్రి.

"తూచ్ లేదు, గీచ్ లేదు. గోతిలో పడ్డారు, అంతే," అంటున్నాడు ద్వారపాలకుడు.

చిన్నరాణి గుమ్మంలో నిలబడి అడిగింది. "తరవాత వంతు ఎవరిది?"

ద్వారపాలకుడు అద్దం మీంచి కళ్ళు తిప్పలేదు. "సేనాపతి, అవ్వ, ఆ తరవాత నువ్వు. వరుసలో నిలబడు!"

ఆ గొంతు ఎవరిదో మంత్రికి తెలిసింది. గభాలున తల తిప్పి చూశాడు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అద్దంలో ఆయన వీరుడు రెండో కోట గోడ ఎక్కుతున్నాడు. ఆయన నోరు మూసుకుని మళ్ళీ అద్దం వైపు తిరిగిపోయాడు.

చిన్నరాణి చెవుల దాకా నవ్వుకుంటూ వెళ్ళి అవ్వ వెనక నిలబడింది.

సింహాసనం మీద బంగారు అరటిపండు ఒక్కటీ బుద్ధిగా కూర్చుంది. ఆ పూట దానికెవరూ దణ్ణం పెట్టలేదు.

అదర్రా సంగతి. ఏడో కోట ఎవరు దాటారని అడక్కండి, వరుస చాలా పొడుగ్గా ఉంది. అర్థం నన్నడగొద్దు, నడుస్తూ ఆలోచించుకోండి. ఇక లేవండి. ఇళ్ళల్లో అన్నాలు చల్లారిపోతున్నాయి. చేతులు కడుక్కుని మరీ తినండి, చీమలు చూస్తుంటాయి.