రాజుగారి నడుముకి కట్టిన తాడు

నమ్మవు, నాకు తెలుసు. దమ్ముంటే మొత్తం విని అప్పుడు అబద్ధం అను.

అనగనగా ఒకానొక రాజ్యం. రాజు పేరు రణభూపతి. అద్దం చూసుకుని తనకి తనే దండం పెట్టుకునే రకం.

ఓ రోజు దండోరా వేయించాడు. "అడవిని కాపాడుతున్నాం! కొండవాళ్ళు ఇక లోపలికి అడుగు పెట్టకూడదు. షావుకారు నాగలింగం పెట్టుబడి పెడతాడు, తేనంతా అతనిది. కొండవాళ్ళు కావాలంటే అతని దగ్గర కూలికి రావచ్చు."

సభంతా చప్పట్లు. మాటకారి తిప్పన కూడా కొట్టాడు. పది రోజులు పోయాక ఓ రాత్రి ఇంట్లో అతనికి అన్నం దిగలేదు. ఎందుకంటే గుమ్మంలో కొండవాళ్ళ పెద్ద ఈదన్న కూర్చున్నాడు.

"అయ్యా, మేం తేనెపట్టు మొత్తం కొయ్యం. పిల్ల ఈగలున్న ముక్క వదిలేస్తాం. షావుకారు మనుషులు చెట్ల మీది పట్లన్నీ మొదలంటా గీకేశారు. ఈగలు వెళ్ళిపోయాయి. ఇంక మా పిల్లలు ఏం తింటారు?"

తిప్పన తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు సభలో లేచాడు. "ప్రభూ, అడవిని కాపాడింది తమరు. కొండ అంచున మిగిలిన తేనె తమ చేత్తోనే తీస్తే జనం పాటలు కడతారు!"

"నాకేం భయమా? పద!" అన్నాడు రాజు, మీసం తిప్పి.

అందరూ కొండ అంచుకి వెళ్ళారు. అంచు కింద రాతికి వేలాడే తేనెపట్టు, ఆ కింద లోయ. రాజు నడుముకి తాడు కట్టారు. కిందకి చూడగానే మీసం దిగిపోయింది.

"తాడు ఎవరు పట్టుకుంటారు ప్రభూ?" అన్నాడు తిప్పన. "కొండవాళ్ళలో అయితే బావమరిది పట్టుకుంటాడు. వదిలేస్తే సొంత అక్క బతుకే పోతుందిగా, అందుకు."

రాజుగారి బావమరిది సేనాపతి. సింహాసనం ఖాళీ అయితే ఎక్కుదామని ఎదురుచూస్తున్నవాడు. "ఇలా ఇవ్వండి బావగారూ!" అని ఉరికొచ్చాడు.

"నువ్వొద్దు!" రాజు కేక పెట్టాడు.

"పోనీ షావుకారు?"

నాగలింగం తాడు చేత్తో తూచి, "బరువెక్కువైతే నష్టానికి నా పూచీ లేదు ప్రభూ" అన్నాడు.

రాజు మంత్రుల్ని చూశాడు. అందరూ ఆకాశం చూస్తున్నారు. చివరికి గొంతు తగ్గించి, "ఆ... ఆ ఈదన్నని పిలవండి" అన్నాడు.

తిప్పన నవ్వలేదు. "ప్రభూ, మీ ప్రాణానికి తాడు పట్టడానికి ఈదన్న కావాలి. మరి అడవి ప్రాణం షావుకారు చేతికి ఎలా ఇచ్చారు?"



రాజు తాడు తనే విప్పుకున్నాడు. నవ్వబోయాడు, సగంలో ఆగిపోయింది. "తిప్పనా, నన్ను బాగానే వేలాడదీశావయ్యా" అన్నాడు. దండోరా అక్కడే రద్దు. కొండ కొండవాళ్ళదే, ఎంత కొయ్యాలో చెప్పేది వాళ్ళే, షావుకారుకి కావాలంటే వాళ్ళ దగ్గరే కొనుక్కోవాలి. చేతి ఉంగరం తీసి తిప్పనకి ఇచ్చాడు.

"నాకొద్దు ప్రభూ. ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టాను" అని తిప్పన దాన్ని ఈదన్న చేతిలో పెట్టాడు.

రాజు కళ్ళు దించుకునే అడిగాడు. "ఈదన్నా, నిజం చెప్పు. నేను దిగి ఉంటే తాడు వదిలేసేవాడివా?"

ఈదన్న తాడు చుట్ట చుడుతూ, "లేదు సామీ. మా కొండ మీద ఎవరి తాడూ వదలం" అన్నాడు.

అది విని రాజు మొహం రెండు చేతుల్తో కప్పుకుని... అబ్బా, వస్తున్నా అమ్మా! గ్యాస్ బండ మోయాలంట, పోతున్నా రా