గుమ్మడి గింజల జీడి

మళ్ళీ ఆ వంకర దిండే తీసుకున్నావా? సరే, తీసుకో. కానీ ఆ మూలనున్న గింజని గోరుతో గీకకు నాన్నా, ఊడి వచ్చేస్తుంది. అదొక్కటే మిగిలింది. ఊఁ, కాళ్ళు ముడుచుకో, దుప్పటి నేను కప్పుతాను. కథ చెప్తున్నంతసేపూ ఊఁ కొట్టాలి మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది, తర్వాత నన్ను అడగకూడదు.

అనగనగా ఒక ఊళ్ళో, రైలు ఆగకుండా కూత పెట్టుకుంటూ పోయే ఒక చిన్న ఊళ్ళో, గంగరాజు అని ఒక తాత ఉండేవాడు. ఆ తాత జీళ్ళు చేసేవాడు. జీడంటే జీడిపప్పు కాదురా, బెల్లం జీడి. తిరనాళ్ళలో కొనుక్కుని నోట్లో వేసుకుంటే పళ్ళకి అతుక్కుని ఓ పట్టాన వదలదు చూడు, అది.

తాత బెల్లం పాకం పట్టేవాడు. పళ్ళెంలో పోసి చల్లారబెట్టేవాడు. కాస్త గట్టిపడ్డాక గుంజకి కొట్టిన మేకుకి తగిలించి లాగేవాడు. లాగి, మడిచి, మళ్ళీ మేకుకి వేసి, మళ్ళీ లాగేవాడు. నల్లటి పాకం మనం చూస్తూ ఉండగానే బంగారం రంగుకి తిరిగేది. అప్పుడు దాన్ని తాడులా పొడుగ్గా చేసి, నువ్వుల్లో దొర్లించి, కత్తెరతో కటుక్కు కటుక్కుమని కోసేవాడు. ఆ చప్పుడు వింటే వీధిలో పిల్లలందరికీ నోరూరేది. పెద్దవాళ్ళకీ ఊరేదిలే, పైకి చెప్పేవాళ్ళు కాదు.

ఆ తర్వాత ఏమైందీ? తాతకి చూపు పోయింది. డాక్టర్లు చూసి ఇక రాదన్నారు. వెలుగూ నీడా తప్ప ఇంకేం తెలియదు. పాకం రంగు కనపడనివాడు జీళ్ళెలా చేస్తాడు? మానేశాడు. తోపుడు బండిని పాకలో పెట్టి గోనెపట్టా కప్పేశారు. ఆ రోజు నుంచీ తాత అరుగు మీద కూర్చుని, ఆ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉండేవాడు. ఎవరైనా పలకరిస్తే, "ఏముందమ్మా, జీళ్ళూ పోయాయి, జీళ్ళ గంగరాజూ పోయాడు. ఎవరికి గుర్తు?" అనేవాడు.

ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మనవరాలికి ఏడుపొచ్చేది. మనవరాలి పేరు వేణమ్మ. ఐదో తరగతి. రెండు జడలు, ఒక్క క్షణం కుదురుండదు. మొండితనంలో మాత్రం నీకు రెండింతలు.

ఒకరోజు బళ్ళో కరుణ టీచరు పిల్లలందరికీ ఒక పని చెప్పింది. "మీరందరూ ఒక్కో చిన్న వస్తువు తీసుకోండి. దాన్ని మీ నడుమెత్తున పెద్దది చేసి తీసుకురండి. రూపం మాత్రం మారకూడదు, పేరు రాయకూడదు. ప్రదర్శన రోజు చూసినవాళ్ళు పేరు చెప్పగలిగితే అది వరండాలో ఉంటుంది. చెప్పలేకపోతే సామాన్ల గదిలోకి పోతుంది" అంది.

అప్పుడు ఒకడు పెన్నన్నాడు. ఒకడు అగ్గిపెట్టె అన్నాడు. ఒకమ్మాయి దోమ అంది. వేణమ్మ లేచి నిలబడి "జీడి" అంది. అంతే, వెనక బెంచీ పిల్లలు కిసుక్కున నవ్వారు. "ఇప్పుడు జీళ్ళెవరు తింటున్నారే? చాక్లెట్టు చెయ్యి" అన్నారు. వేణమ్మ చెవులు ఎర్రబడ్డాయి గానీ మాట మార్చలేదు.

ఇంటికి రాగానే సంచీ అరుగు మీద పడేసి, తాత మోకాళ్ళు పట్టుకుంది. "తాతా, నీ జీడిని నా అంత చేస్తున్నాను. ఊరంతా వచ్చి చూసి జీడి అంటారు" అంది.

"నాకు కనపడదు కదే తల్లీ" అన్నాడు తాత.

"కనపడక్కర్లేదు. చెవులున్నాయిగా! వాళ్ళు అనే మాట విను."

తాత తలెత్తాడు. ఆ తర్వాత, "అయితే నేను ముందుగా దాన్ని ముట్టుకోను. నా చేతికి తెలిస్తే ఏం లాభం? పదిమంది నోటా ఆ పేరు రావాలి. అప్పుడు ముట్టుకుంటా" అన్నాడు. చూశావా, మనవరాలి మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

ఇంట్లో డబ్బా అడుగున తాత ఆఖరిసారి చేసిన జీళ్ళు ఇంకా నాలుగున్నాయి. వేణమ్మ వాటిని ఎదురుగా పెట్టుకుని, చెరువు గట్టు నుంచి బంకమన్ను తెచ్చి, పొద్దస్తమానం పిసికి, జీడి చేసింది. అరుగు మీద ఆరబెట్టింది. కానీ నాన్నా, ఆ డబ్బాలో జీళ్ళు ఎండాకాలం వేడికి కరిగి జారిపోయి ఉన్నాయి. వాటి మూలలన్నీ చదునైపోయాయి. పిల్లకి ఆ సంగతి తెలియలేదు. పాలు పోసే ఆవిడ వచ్చి, "అరుగు మీద ఇటుకెందుకే?" అంది.

తాత విన్నాడు. వేణమ్మ తల దించుకుంది.

అప్పుడు తాత దగ్గరికే వెళ్ళి అడిగింది. "తాతా, అసలు జీడి ఎలా ఉంటుంది?"

"జీడిలా ఉంటుంది."

"అంటే?"

"అంటే ఏం చెప్పనే? చేశాను గానీ నేనెప్పుడూ చెప్పలేదు. ఇదిగో, ఇలా ఉంటుంది" అని తాత ఒళ్ళోంచి చేతులు తీసి, ఉత్తి గాలిలోనే జీళ్ళు కోసి చూపించాడు. కుడిచేతి రెండువేళ్ళూ కత్తెరలాగా కటుక్కు కటుక్కుమన్నాయి. ఎడంచెయ్యి కూడా ఏదో చేస్తూనే ఉంది. వేణమ్మ మాత్రం కత్తెర వైపే చూసింది.

చూసి, ఈసారి అట్టపెట్టెలు కోసింది. మైదాపిండి ఉడకబెట్టి జిగురు చేసింది. ముక్కకి ముక్క అతికించి జీడి చేసింది. జిగురు కోసం పక్కింటి కోడిపుంజు వచ్చి ఒక పక్కంతా పొడిచిపోయింది, అది వేరే సంగతి. సాయంత్రం దారిన పోయే పెద్దాయన ఆగి, "బాగుందమ్మా మిఠాయి పెట్టె! లోపలేముంది?" అన్నాడు.

మిఠాయి దాకా వచ్చింది, జీడి దాకా రాలేదు. వేణమ్మ పాకలోకి వెళ్ళి, బండి వెనకాల కూర్చుని ఏడ్చింది. ప్రదర్శన ఎల్లుండే. ఎవరూ పేరు చెప్పకపోతే సామాన్ల గదిలోకి పోయేది జీడి ఒక్కటే కాదు కదా! తాత ఇంక ఆ అరుగు దిగడు. పిల్లకి ఆ భయం పట్టుకుంది.

ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ లేచింది. అదే నాకు ఆ పిల్లలో నచ్చేది.

ఆ తర్వాత ఏం చేసిందంటే, తాత పాత పంచె ఒకటి తీసి, టీ డికాషన్‌లో నానబెట్టింది. గుడ్డ బెల్లం రంగుకి తిరిగింది. దాన్ని గొట్టంలా చుట్టి కుట్టింది. ఒక మూతి కుట్టేసి, పాత పరుపులో దూది పీకి లోపల కూరింది. కూరి కూరి, అది బొద్దుగా తయారయ్యాక, రెండో మూతి అందక, దాన్ని ఒళ్ళో పక్కకి దొర్లించుకుంది. దొర్లించుకుని ఆ మూతి కూడా కుట్టేసింది.

అప్పుడే వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆవిడ నోరు కాస్త పెద్దదిలే. "ఇదేం కుట్టే నీ మొహం! ఆ మూతి అడ్డంగా, ఈ మూతి నిలువుగా! తిరగేసి కుట్టావు. దిండు కూడా కుట్టడం రాకపోతే రేపు ఏం చేస్తావు? ఇలా ఇవ్వు, విప్పేస్తాను" అని కత్తెర తీసింది.

వేణమ్మ తలెత్తి చూసింది. ఒక చివర అడ్డంగా నొక్కుకుపోయింది. ఇంకో చివర నిలువుగా నొక్కుకుపోయింది. నాలుగు మూలలూ నాలుగు వైపులకి పోయాయి. అప్పుడు తాత ఎడంచెయ్యి గుర్తొచ్చింది. కత్తెర వేస్తాడు, ఎడంచేత్తో తాడుని కొంచెం దొర్లిస్తాడు, మళ్ళీ కత్తెర వేస్తాడు. అందుకే జీడికి ఒక కొస ఇటూ, ఒక కొస అటూ!

"అమ్మా, ఆగు! విప్పకు!" అని దాని మీద పడి కావిలించుకుంది. "ఇదే జీడి! ఇదేనే అమ్మా!"

వాళ్ళమ్మ కత్తెర కింద పెట్టేసి, కూతుర్ని చూసి, దాన్ని చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అంత నోరున్న మనిషికీ మాట రాలేదు. ఆ తర్వాత తనే వెళ్ళి కూర కోసం ఉంచిన గుమ్మడికాయ కోసి, గింజలు తీసి కడిగి ఇచ్చింది. పెద్ద జీడికి పెద్ద నువ్వులు కావాలి కదా! తల్లీ కూతురూ కూర్చుని, ఒక్కో గింజనీ సూదితో గుచ్చి కుట్టారు.

ఊఁ కొట్టు మరి. నిద్రపోయావా? లేదా? సరే.

ప్రదర్శన రోజు పాకలో గోనెపట్టా తీశారు. బండి బయటికొచ్చింది. బండి మీద జీడి, బండి పక్కన తాత. చలవ పంచె కట్టి, భుజాన తువ్వాలు వేసుకుని, బండిని ఒక చేత్తో పట్టుకుని నడిచాడు. ఎన్నాళ్ళకో ఆ చక్రాల చప్పుడు వీధిలో వినపడింది.

బళ్ళో పెన్ను పక్కన, దోమ పక్కన జీడిని పెట్టారు. దాని వెనకాల కుర్చీలో తాత కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు పెన్ను చూసి పెన్నన్నారు. దోమ చూసి దోమన్నారు, ఒకడు కొట్టబోయాడు కూడా. అప్పుడు పక్క బడి పిల్లలు వచ్చి జీడి ముందు నిలబడ్డారు. "దిండు" అన్నారు. తాత చేతులు ఒళ్ళోకి పోయాయి.

ఆ తర్వాత ఒకాయన హడావిడిగా వచ్చి, "చాకలి మూటా?" అని వెళ్ళిపోయాడు. వేణమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కరుణ టీచరు సామాన్ల గది వైపు ఒకసారి చూసింది.

అప్పుడు హెడ్మాస్టరు గారు వచ్చారు. ఆయన నవ్వగా ఆ బళ్ళో ఎవరూ చూడలేదు. ఆయన వస్తుంటే కాకులు కూడా అరవడం ఆపేవట. ఆయన పెన్ను చూశారు, దోమ చూశారు, జీడి దగ్గర ఆగారు. అలా చూస్తూ చూస్తూ, చెయ్యి ఎత్తి ఎడం దవడ పట్టుకున్నారు.

"జీడి!" అన్నారు. "ఇది నా పన్ను పీకిన జీడి!"

తాత కుర్చీలోంచి లేచాడు. "ఏ పన్ను బాబూ?"

"ఎడంవైపు, మూడో తరగతిలో. తిరనాళ్ళలో నీ బండి దగ్గరే గంగరాజూ!"

"అది అంతకుముందే కదులుతూ ఉండుంటుంది బాబూ. నా జీడి మంచి పన్నుని ముట్టుకోదు."

హెడ్మాస్టరు గారు పకపకా నవ్వారు! పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆ నవ్వు విని జనం మూగారు. "అవునే, జీడే!" అని ఒకావిడ అంది. "నువ్వులతో సహా జీడే" అని ఇంకొకాయన. "గంగరాజు జీడి, గంగరాజు జీడి" అని వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే మాట. చూస్తున్నవాళ్ళందరి నాలుకలూ దవడ పళ్ళ మీదికి పోయాయి, అతుక్కున్న జీడి తీస్తున్నట్టు.

తాత అదంతా విన్నాడు. బాగా విన్నాక, అప్పుడు రెండు చేతులూ ముందుకి చాపాడు. వేణమ్మ ఆ చేతులు పట్టుకుని జీడి మీద పెట్టింది. తాత మెల్లగా తడిమాడు. "ఇక్కడ కత్తెర పడింది... ఇక్కడ దొర్లించాను... ఇదిగో, ఇక్కడ మళ్ళీ పడింది" అంటూ ఒక్కో మూలా తడిమాడు. గుమ్మడి గింజలు వేలికి తగిలితే చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ తర్వాత తల ఎత్తి, అందరికీ వినపడేట్టు అన్నాడు. "ఇంత పెద్ద జీడి నా జన్మలో నేను కొయ్యలేదు. ఇది నా మనవరాలు కోసింది!"

ఆ మాటకి వేణమ్మ ఎంత పొడుగు పెరిగిందనుకున్నావ్! వాళ్ళమ్మ జనం వెనకాల నిలబడి, పక్కనున్నవాళ్ళందరికీ అడక్కుండానే చెప్పింది, "అది మా అమ్మాయి, అది మా అమ్మాయి" అని.

మరి తాత? ఆ ఏడు తిరనాళ్ళకి మళ్ళీ మేకుకి పాకం ఎక్కింది. వేణమ్మ పక్కన నిలబడి రంగు చూసి "ఇప్పుడు తాతా" అనేది, తాత లాగేవాడు. బండి ముందు మొదట నిలబడింది ఎవరో తెలుసా? హెడ్మాస్టరు గారు. కుడివైపు నమిలారట.

ఏంటీ, వేణమ్మ ఇప్పుడెక్కడుందా? ఇందాక నీకు అన్నం పెట్టి, పళ్ళు తోముకోమని అరిచింది చూడు, ఆవిడే. అవును, మీ అమ్మే. సత్యవేణి. నా కూతురు. గంగరాజు తాత మనవరాలు.

నీ తల కింద ఉన్నదేంటనుకున్నావ్ మరి? దూది మార్చాను గానీ ఆ గుడ్డ మార్చలేదు. మీ ముత్తాత పంచె అది. గింజలన్నీ రాలిపోయాయి, ఆ మూలన ఒక్కటే ఉంది. తడిమి చూడు. ఇక్కడ అడ్డం, అక్కడ నిలువు. తెలిసిందా? ఊఁ. ఇప్పుడు కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
జీడేమో పంటికి,
గింజేమో దిండుకి,
తాతేమో బండికి,
నిదరేమో కంటికి,
మనమేమో ఇంటికి... ఇంట్లోనే ఉన్నాంలే, పడుకో నా బంగారం.