ఏది దించి ఎత్తుకోమంటారు?

వచ్చావా? కాళ్ళు తుడుచుకుని ఇలా పక్కలోకి రా. చెల్లికి అప్పుడే కథ మొదలెట్టేశాను. ఏం పోలేదులే, నూకరత్నం ఇంకా కుండ ముందే కూచునుంది. సరే, నీకోసం మళ్ళీ మొదటికొస్తా.

అనగనగా కాలవ గట్టున ఒక ఊళ్ళో పూతరేకులు తీసే పాక ఉండేది. బోర్లించిన కుండ కింద ఎండుటాకు మంట. బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కుండ మీద ఇలా ఒక్క విసురున లాగితే, ఉల్లిపొరలాంటి రేకు లేచొచ్చేది. నూకరత్నం చెయ్యి అలా వెళ్ళి ఇలా వచ్చేది. అందరికంటే ముందు ఆవిడ జావగిన్నె ఖాళీ.

ఖాళీ అయితే ఏమవుద్ది? పాక యజమాని కోటిలింగం గారు వచ్చేవారు. మంచాయనే, ఎవర్నీ తిట్టేవారు కాదు. "నూకరత్నం, నీకిది చిటికెలో పని" అనేవారు. మొదట రేకులు చుట్టమన్నారు. ఆ తర్వాత కొత్తగా చేరినోళ్ళకి నేర్పమన్నారు. ఆ తర్వాత బుట్టలు బండికెక్కించమన్నారు. చిటికె మీద చిటికె, ఆవిడ ఇల్లు చేరేసరికి చీకటి పడిపోయేది.

ఇంట్లో ఆవిడ కూతురు బుల్లి, చిన్నపిల్ల. పక్కింటి మంగాయమ్మే అన్నం పెట్టి పడుకోబెట్టేసేది. ఒకరోజు ఆ పిల్ల నిద్రలో మంగాయమ్మని పట్టుకుని అమ్మా అని పిలిచిందంట. అది విన్నాక నూకరత్నం ఈ పనులు ఎలాగైనా తగ్గించుకోవాలనుకుంది.

మరి పక్క కుండ చంటమ్మకి ఆ పనులెందుకు రావు? నూకరత్నమూ అదే అడిగింది. చంటమ్మ నవ్వి, చేతకాదని చెప్పెయ్యవే పిచ్చిదానా, నేను చెప్పేది అదేగా అంది.

అప్పుడు నూకరత్నం చేతకాదని చెబుదామని వెళ్ళింది. కోటిలింగం గారి ఎదురుగా నిలబడింది. వచ్చిన పని రాదని ఎలా అంటుంది? ఆయనిచ్చిన బుట్ట తీసుకుని వచ్చేసింది.

ఆ తర్వాత, పోనీ నెమ్మదిగా చేద్దామనుకుంది. గుడ్డ మెల్లగా లాగింది. కుండ ఊరుకుంటుందా? రేకు మందమైపోయి అంచులు మాడాయి. చంటమ్మ దాన్ని ఎత్తి చూసి, "ఇది రేకా, మీ అత్త కప్పుకునే దుప్పటా?" అంది. అందరూ నోటికి కొంగడ్డం పెట్టుకున్నారు. నూకరత్నానికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ తర్వాత పెళ్ళివారి సరుకు వెళ్ళే రోజొచ్చింది. నూకరత్నం నెత్తిన ఒక బుట్ట, చంకలో ఒక బుట్ట పెట్టుకుని బండి దగ్గరికి పోతోంది. అప్పుడే కోటిలింగం గారు ఎదురొచ్చి, రేపటికి బియ్యం కూడా నువ్వే నానెయ్యి, చిటికెలో పని అంటూ గిన్నె చేతికివ్వబోయారు.

ఆవిడ కాదనలేదు. కోప్పడనూ లేదు. అలాగే నిలబడి, "అలాగేనండి. ఏది దించి ఇది ఎత్తుకోమంటారు?" అంది.

ఆయన నెత్తిమీద బుట్ట చూశారు. చంకలో బుట్ట చూశారు. వెనకాల ఇంకా ఆరని కుండ మంట చూశారు. ఇన్నాళ్ళూ ఒక్కో పనీ విడివిడిగా చెప్పారే గానీ, అన్నీ ఒక్క మనిషి మీద ఒక్కసారి చూసింది లేదు.

అప్పుడు చంకలో బుట్ట ఆయనే అందుకున్నారు. రేపట్నించి చుట్టే పని చంటమ్మదన్నారు. చంటమ్మ చేతకాదండీ అని మొదలెట్టింది. అయితే నేర్చుకో అన్నారు. బియ్యం వాళ్ళావిడ నానేసిందిలే, సణుక్కుంటూ. నేర్పే పని మాత్రం నూకరత్నం దించలేదు. అదంటే ఆవిడకిష్టం.

ఆరోజు పొద్దు వాలకముందే ఇల్లు చేరింది. బుల్లి గుమ్మంలో ఆడుకుంటోంది. లేచొచ్చి తల్లి మొహం రెండు చేతులతో పట్టుకుని, వెలుగులో ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "అమ్మా, నీ కనురెప్పల మీద పిండుందే" అంది.

అంతే. కథేమో కంచి దారిన, మనమేమో మంచం దారిన.

ఏంటీ, బుల్లి ఏమందో మళ్ళీ చెప్పాలా? కళ్ళు మూసుకో, చెప్తా.

"అమ్మా, నీ కనురెప్పల మీద పిండుందే."