నడి గోదాట్లో ఆగిపోయిన పంటు

రాజోలులో హంసిని అని ఇంటర్ సెకండియర్ అమ్మాయి ఒకతి ఉండేది, కథ మొదలుపెట్టమంటే పులి, ముగించమంటే మాత్రం పత్తా ఉండేది కాదు.

ఏది కనిపించినా దానికి కథే. ఏటీఎం ముందు ఎవరో చెప్పులు వదిలి లోపలికెళ్ళారా, కథ. చేపల మార్కెట్లో ఒకావిడ పులసని బతిమాలుతున్నట్టు అనిపించిందా, ఇంకో కథ. గబగబా ఫోన్లో టైప్ చేసి వాళ్ళ వీధి వాట్సాప్ గ్రూపులో పడేసేది. మొదటి రెండు భాగాలు దూసుకెళ్ళేవి. మూడో భాగంలో హుషారు తగ్గేది. నాలుగో భాగం కింద "సశేషం" అని కొట్టేసి కొత్త కథ ఎత్తుకునేది. అలా పదకొండు కథలు, పదకొండు సశేషాలు.

"అవి ఎప్పుడు పూర్తి చేస్తావే?" అని వాళ్ళమ్మ అడిగితే, "మూడ్ రావాలమ్మా, రైటర్లకి అంతే, నీకు తెలీదులే" అనేది.

అసలు సంగతి వేరు. దానికి భయం. మొదలు బావుందన్నవాళ్ళు ముగింపు చదివి ఛీ అంటే? పూర్తి చేస్తేనే కదా బాలేదని తేలేది! చెయ్యకపోతే ఎవరూ ఏమీ అనలేరు. ఈ ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళ మేడ మీద పోర్షన్లో మంగతాయారు అని ఆర్టీసీ కండక్టర్ ఉండేది. యాభై దాటినావిడ. గొంతు విప్పిందంటే బస్సు వెనక సీటువాళ్ళు కూడా టికెట్ తీసుకోవాల్సిందే. హంసిని రాసినవన్నీ ఆవిడ డిపోలో క్యారేజీ విప్పి తింటూ పక్కవాళ్ళకి పైకి చదివి వినిపించేది. అన్నిట్లోకీ పంటు కథంటే ఆవిడకి ప్రాణం. మనుషుల్నీ బళ్ళనీ గోదారి దాటించే ఒక పంటు. అందులో పెళ్ళివాళ్ళూ, కూరగాయలవాళ్ళూ, ఓ నిండు చూలాలూ, మొత్తం ముప్ఫై రెండు మంది. పొగమంచులో ఇంజన్ ఆగిపోయి పంటు ఏటి మధ్యలో నిలబడిపోతుంది. అక్కడ హంసిని సశేషం కొట్టింది. కొట్టి నలభై రోజులైంది.

ఒక ఆదివారం మంగతాయారు మెట్లు దిగొచ్చింది. మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది.

"గుండెలో వాల్వు పాడైందంట వదినా" అంది హంసిని వాళ్ళమ్మతో. "కాకినాడలో ఆపరేషను. గురువారం చేస్తారంట."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మంగతాయారు మాత్రం హంసిని వైపు తిరిగింది. "ఏమే, నాకో పని చేసిపెట్టు. నేను వెళ్ళేలోపు ఆ పంటుని ఒడ్డుకి చేర్చెయ్."

"చేరుస్తా అత్తా. కాస్త మూడ్ రావాలి."

"మూడేంటే నీ మొహం! బస్సు బ్రేక్‌డౌన్ అయితే మాకు మాత్రం మూడుంటదా? వెనకొచ్చే బస్సుని చెయ్యెత్తి ఆపి, ఒక్కొక్కళ్ళనీ దాంట్లో ఎక్కించేదాకా నేను రోడ్డు మీంచి కదలను. నువ్వేమో ముప్ఫై రెండు మందిని ఏట్లో వదిలేసి చక్కా పోయావ్! ఆ చూలాలు నాకు కల్లోకొస్తుందే."

అందరూ నవ్వారు. హంసిని కూడా నవ్వింది. "బుధవారానికి నీ ఫోన్లో ఉంటది అత్తా. ఒట్టు."

సోమవారం కూర్చుంది. హెలికాప్టర్ వస్తే? మరీ సినిమాలా ఉంది. పంటు నడిపేవాడు ఈదుకుంటూ వెళ్తే? ఆ చలికి బిగుసుకుపోతాడు. ఇదంతా కల అని తేల్చేస్తే? అత్త చెప్పు తీస్తుంది. రాసింది నాలుగు లైన్లు, చెరిపేసింది ఐదు.

మంగళవారం కాలేజీకి వెళ్తుంటే, ఒకాయన సైకిల్ వెనక నిలువుటద్దం కట్టుకుని పోతున్నాడు. వీధి మొత్తం ఆ అద్దంలో వెనక్కి పరిగెడుతోంది. "అబ్బా, ఏం కథ!" అనుకుంది. మధ్యాహ్నానికి మొదటి భాగం గ్రూపులో పెట్టేసింది. మెచ్చుకుంటూ బొటనవేళ్ళ బొమ్మలు టపటపా పడ్డాయి. మంగతాయారు నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది. "పంటు?"

"రేపు పక్కా అత్తా" అని కొట్టి హంసిని ట్యూషన్‌కి పోయింది.

బుధవారం పొద్దున్న లేచేసరికి మేడ మీద తాళం వేసుంది.

"డాక్టరు గారు రేపు ఊళ్ళో ఉండరంట. అందుకని ఆపరేషను ఇవాళ్టికి మార్చారు, పదింటికంట" అంది అమ్మ. "నిన్న సాయంత్రం హడావిడిగా బయల్దేరారు. నువ్వు ట్యూషన్‌లో ఉన్నావ్, వచ్చాక చెబితే కంగారు పడతావని ఊరుకున్నా. కారెక్కుతూ కూడా 'పంటు వచ్చిందా వదినా' అంది. రాలేదన్నాను. ఏమీ అనలేదు."

తిట్టుంటే బావుణ్ణు అనిపించింది హంసినికి. టైము ఎనిమిదింబావు.

ఆ రోజుకి కాలేజీ మానేసింది. మేడ మెట్ల మీదే కూర్చుంది. ఒక అక్షరం కొడితే ఇంకోటి పడుతోంది. ఒకవేళ అత్తకి ఏమన్నా... ఛ, అనుకోకూడదు. అనుకోకూడదనుకుంటే అదే మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది. మూడ్ ఎక్కడుంది, చావు భయం తప్ప ఏమీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, అత్త చెప్పిన వెనకొచ్చే బస్సు! గబగబా టైప్ చెయ్యడం మొదలుపెట్టింది.

పొగమంచులోంచి చిన్న చేపల పడవ ఒకటి వచ్చింది. దాంట్లో నలుగురికే చోటు. ముందు చూలాల్ని దింపారు. తర్వాత ముసలాళ్ళు, పిల్లలు. నలుగురేసి చొప్పున ఎనిమిది ట్రిప్పులు. ఆఖరి ట్రిప్పులో పెళ్ళికొడుకు, తడిసిన బాసికంతో. అంతే. మెరుపులూ లేవు, మలుపులూ లేవు. చదువుకుంటే తనకే సిగ్గేసింది. చెరిపేద్దామని వేలు కూడా పెట్టింది. తొమ్మిది నలభై అయింది.

చివర "స" అని కొట్టగానే ఫోనే ముందుకొచ్చి "సశేషం" అని చూపించింది. ఎన్నిసార్లు కొట్టిందో పాపం, దానికీ అదే అలవాటైపోయింది. హంసిని పళ్ళు బిగపట్టి ఒక్కో అక్షరమే కొట్టింది. "సమాప్తం."

అత్త నంబరుకి పంపింది. ఒక్క టిక్కు పడింది. రెండోది పడలేదు.

పది. పదకొండు. పన్నెండున్నర. ఒక్క టిక్కే. మూడింటికి మంగతాయారు మొగుడు ఫోన్ చేశాడు. ఆపరేషన్ అయిందంట, ఐసీయూలో ఉందంట, రెండ్రోజులు గడిస్తే గానీ ఏం చెప్పలేమన్నారంట. గురువారం ఒక్క టిక్కు. శుక్రవారం ఒక్క టిక్కు. గ్రూపులో "అద్దం కథ తర్వాత ఏమైంది?" అని అడుగుతుంటే హంసినికి చూడబుద్ధి కాలేదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని, పాత సశేషాల్లో మొట్టమొదటిది తీసి దానికి ముగింపు రాసింది. అదీ అంతంతమాత్రమే. అయినా రాసింది.

శనివారం మధ్యాహ్నం రెండో టిక్కు పడింది. కాసేపటికి రెండూ నీలం అయ్యాయి. టైపింగ్ అని వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఆఖరికి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. బస్సు మొత్తం వినపడే ఆ గొంతు ఇప్పుడు గాలిలా ఉంది.

"ఏమే... చేపల పడవతో తేల్చేశావా? ఇంకాస్త బాగా రాయొచ్చు. ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తుంటే, ఆ చూలాలు ఏమైందో తెలీకుండానే పోతానేమో అని బెంగెట్టుకున్నానే. పోన్లే, దిగింది. ఎనిమిది ట్రిప్పులూ లెక్కెట్టా, ముప్ఫై రెండూ సరిపోయాయి. మరి పంటు నడిపేవాడేడే? వాణ్ణి అక్కడే వదిలేశావ్!"

హంసిని ఏడుస్తూ నవ్వింది. ముక్కు తుడుచుకుని వెంటనే కొట్టింది. "తొమ్మిదో ట్రిప్పులో పంటు నడిపేవాడు కూడా ఒడ్డెక్కాడు. సమాప్తం."

ఈసారి టిక్కులు చూస్తుండగానే నీలమైపోయాయి.

అందుకే రాయాలనుకునేవాళ్ళందరూ ఒకటి గుర్తుపెట్టుకోండి: హుషారుండగా మొదలుపెట్టడం ఎవరికైనా చేతనవుతుంది, హుషారు పోయాక కూడా భయపడుతూనైనా ముగింపు దాకా రాసినవాళ్ళే రచయితలవుతారు.