ఎనిమిదో లేన్

సాయంత్రం ఫైనల్స్‌లో ఈదనని నూకరత్నం తెగేసి చెప్పింది.

ఈత పోటీల్లో ఒక పద్ధతి ఉంది. పొద్దుటి పోటీలో అందరికన్నా వేగంగా ఈదినవాళ్ళకి ఫైనల్స్‌లో నడిమధ్య ఉండే నాలుగో లేన్ ఇస్తారు. చచ్చీ చెడీ ఆఖరి చోటు దక్కించుకున్నవాళ్ళకి గోడ పక్కన ఎనిమిదోది. మిగతావాళ్ళ అలలన్నీ ఆ గోడకి కొట్టుకుని వాళ్ళ మొహానే పడతాయి.

పదేళ్ళుగా జాతీయ పోటీల్లో నాలుగో లేన్ నూకరత్నానికి పుట్టిల్లు. ఆ భీమిలి పిల్ల నీళ్ళలోకి దూకిందంటే మిగతావాళ్ళు రెండో స్థానం కోసం కొట్టుకోవాల్సిందే. అలాంటి మనిషి, భుజానికి ఆపరేషన్ అయ్యాక దిగిన మొదటి పోటీలో, ఎనిమిదో మనిషిగా గట్టెక్కింది. ఆ చెయ్యి ఇక పైకి లేవదని డాక్టర్లన్నారు. లేచింది, ఈదింది, ఫైనల్స్‌కి వచ్చింది. అదే గొప్పని ఆమెతో అనే ధైర్యం ఎవరికుంది?

మధ్యాహ్నం ఖాళీ కొలను ఒడ్డున, చిన్నప్పటి నుంచి ఈత నేర్పిన అప్పలస్వామి మాస్టారి ముందు కూలబడి ఏడ్చింది.

"నా పేరు తీసీమనండి మాస్టారూ. నాను ఆ మూల ఈదితే జనం జాలిపడతారు. ఈతే మానీస్తాను."

మాస్టారు స్నానాలగదిలోంచి మగ్గు తెచ్చి ఆమె చేతికిచ్చారు.

"నాలుగో లేన్ నీళ్ళు కాసిన్ని పట్రా."

తెచ్చింది.

"ఎనిమిదో దాంట్లో ఒంపియ్."

ఒంపింది.

"ఇప్పుడు నీ నాలుగో లేన్ నీళ్ళు నాకు తిరిగి పట్రా."

మగ్గు పట్టుకుని వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది. లేన్లని విడదీసే తాళ్ళ కింద నుంచి నీళ్ళు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి.

"ఏటమ్మా, దొరకలేదా?"

ఆమె ఆ నీళ్ళతోనే మొహం కడుక్కుంది.

సాయంత్రం ఎనిమిదో లేన్ పేరు పిలిచినప్పుడు చెయ్యెత్తింది. గోడ విసిరికొట్టిన అలల్లోంచే ఈది మూడోదిగా వచ్చింది. నన్నడిగితే, ఆమె తెచ్చుకున్న బంగారాలన్నీ ఆ కంచు పతకం ముందు దిగదుడుపే.

గోడ ముట్టుకుని పైకి లేచిన నూకరత్నం స్కోరుబోర్డు వైపు చూడనేలేదు. పగలబడి నవ్వుతూ, ఒడ్డున నిలబడ్డ మాస్టారి మీదికి దోసెడు నీళ్ళు విసిరింది.

మాస్టారు తడిసిన కళ్ళద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నారు. ఆ తువ్వాలుతోనే కళ్ళు కూడా తుడుచుకున్నారు.

"ఏ లేన్ నీళ్ళమ్మా ఇవి?"

"ఏమో మాస్టారూ!"