మంచి కాలు

"కొలతలన్నీ కుదిరాయి. అయినా పంపించడానికి మనసు ఒప్పుకోవడం లేదెందుకు మేస్టారూ?" అని అడిగింది హిమజ.

ఆటగాళ్ళ గాయాలకు చికిత్స నేర్పే అచ్యుతరామయ్య మేస్టారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. శిష్యులకు అదో పెద్ద శిక్ష. ఆ పూట హిమజకు మరీను. ఎదురుగా బల్ల అంచున పైడితల్లి కూర్చుని ఉంది. పరుగు పందెంలో తొడ వెనక కండ చిరిగిన పిల్ల. మర్నాడు పొద్దున్నే రాష్ట్ర జట్టు ఎంపిక. ఆపితే ఇన్నేళ్ళ ఆశ గల్లంతు. కండ పచ్చిగా ఉండగా పంపితే మళ్ళీ చిరిగి, అసలు పరుగే గల్లంతు.

గాయపడిన కాలి బలాన్ని మంచి కాలితో పోల్చి చూడమని నేర్పింది మేస్టారే. బలం కొలిచే మీటరు మీద రెండు కాళ్ళూ సమానంగా లాగాయి. ఒంటికాలి గెంతులోనూ తేడా లేదు. ఇంకేం కావాలి?

మేస్టారు చక్రాల స్టూలు మీద పైడితల్లి ముందుకు జరిగారు. "గాయం కాలు వద్దులే. రెండోది ఇలా ఇయ్యమ్మా" అని ఆ మడమ రెండు చేతులా పట్టుకున్నారు. "నన్ను నీ దగ్గరికి లాగు, చూద్దాం. ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు."

పందెం అనేసరికి పైడితల్లి ఒళ్ళు మరిచిపోయింది. మడమ వెనక్కి ఒక్క గుంజు గుంజింది. స్టూలు సర్రున జారివచ్చి మేస్టారి మోకాళ్ళు బల్లకు కొట్టుకున్నాయి. ఆ పిల్ల పకపకా నవ్వింది. హిమజ మాత్రం నవ్వలేకపోయింది. ఇందాక మీటరు మీద ఈ కాలు ఇంత బలం చూపించలేదు.

"ఇప్పుడు ఆ కాలు" అన్నారు మేస్టారు.

పైడితల్లి నవ్వు ఆగిపోయింది. పళ్ళు బిగించి లాగింది. స్టూలు కొంచెం కదిలి ఆగింది. తొడ గజగజ వణికింది.

"మంచి కాలితో కావాలనే మెల్లగా లాగినాను, గెంతు కూడా తగ్గించినాను మేడం" అంది తల వంచుకుని. "రెండూ ఒకలా కనబడితే పంపిస్తారని. రేపు ఎల్లకపోతే మళ్ళీ నన్నెవలు పిలుస్తారు?"

ఇంకాస్తయితే పంపేసేదాన్నే అనుకుంది హిమజ. "రేపు వద్దు పైడితల్లీ" అంది. ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. హిమజ మేస్టారి వైపు తిరిగింది.

"ఇప్పుడు ఏ కాలికి చికిత్స చెయ్యను మేస్టారూ?"

"రెంటికీ చెయ్యాలమ్మా. ముందు ఆ మంచి కాలికి మనమంటే భయం పోగొట్టు" అన్నారాయన.