గోడ మీది తుపాకీ

మేకల దొడ్డి మీద దొంగలు రెండోసారి పడ్డాక, ఊరి చివర ఒంటరిగా ఉండే పోలేరక్క తన ఇంట్లో ఓ తుపాకీ ఉంటే మేలనుకుంది. జమీందారు భూపతిగారు తాతల నాటి తుపాకీ అమ్ముతున్నారని విని దివాణానికి వెళ్లింది. ఆ ఊళ్లో ఆయుధం చేతులు మారితే దండోరా వేయించడం ఆనవాయితీ.

“రెండు పాడిమేకలిచ్చి పట్టుకుపో,” అన్నారు జమీందారు మీసం దువ్వుతూ.

పోలేరక్క గోడకు వేలాడుతున్న తుపాకీ అందుకుని మీట నొక్కింది. కదల్లేదు. గొట్టంలోకి చూస్తే సాలీడు కాపురం పెట్టి ఉంది.

“ఇది పేలదేమో దొరా?”

జమీందారుకు చిర్రెత్తుకొచ్చింది. “పేలడమెందుకే? మా తాతగారు పోయాక దీన్ని ఒక్కసారీ పేల్చింది లేదు. అయినా ఏ దొంగైనా ఈ గడప తొక్కాడా? ఇంట్లో తుపాకీ ఉందని ఊరికి తెలిస్తే చాలు!”

పోలేరక్కకు ఆ మాట నచ్చింది. తుపాకీని కొంగుతో తుడిచి, జాగ్రత్తగా మళ్లీ గోడకు తగిలించింది.

“అయితే ఇది ఇక్కడే ఉండనివ్వండి దొరా. నేను కొనుక్కుపోయానని దండోరా మాత్రం వేయించండి. దండోరా వేసేవాడికి ముంతెడు పాలు నేనే పోస్తాను.”

జమీందారు చూపు మొదట గోడ మీదికి, ఆనక తమ వీధి తలుపు గడియ మీదికి పోయింది.